తెర మీద లేవని మనిషి

మా మామయ్య చేతులు ఎండాకాలంలో కూడా చల్లగా ఉండేవి. ఐసు ఫ్యాక్టరీలో అరిగిపోయిన చేతులవి. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే అమ్మ తడిగుడ్డ వెతుక్కునేది కాదు, వాళ్ళన్నయ్యకి కబురు పంపేది. ఆయన వచ్చి నా నుదుటి మీద అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు. కరగడం మరిచిపోయిన మంచుగడ్డ ఒకటి నా మీద జాలిపడి వచ్చినట్టుండేది. ఆ చేతులే ఒకప్పుడు మనుషుల్ని కొట్టాయంటే చాలాకాలం నేను నమ్మలేదు.

కొట్టాయి. ఫ్యాక్టరీ వెనక, రంపపు పొట్టు బస్తాలు నిలవ ఉంచే గోడౌనులో, తాళ్ళు బిగించిన చిన్న బాక్సింగ్ బరి ఉండేది. పొద్దు వాలాక ఐసు లాగేవాళ్ళు, రేవులో మూటలు మోసేవాళ్ళు, ఓడలకు రంగులు వేసేవాళ్ళు అక్కడ చేరేవారు. గెలిచినవాడికి చప్పట్లు. ఓడినవాడికి వాపు మీద పెట్టుకోవడానికి ఐసు ముక్క. "ఓడితేనే లాభంరా, చేతికి ఏదో ఒకటి దక్కుతుంది" అని నవ్వుకునేవారు. మామయ్య గొప్పగా కొట్టేవాడేమీ కాదట. కానీ పడితే లేచేవాడు. రిఫరీ పది లెక్కపెట్టేలోగా ఒక మోకాలు ఆనించి, నేలతో ఏదో గుసగుసలాడుతున్నట్టు ఒక్క క్షణం ఆగి, లేచి నిలబడేవాడు. అందుకే ఆయన్ని అందరూ 'బంతి' అనేవారు. నేలకేసి కొడితే పైకి లేచే బంతి.

మా అత్తయ్య రేవు పక్క బజారులో చేపలు కోసేది. ఐసు కోసం ఫ్యాక్టరీకి వచ్చి మనిషిని పట్టుకుపోయిందని అమ్మ ఎగతాళి చేసేది. అత్తయ్య కత్తికి ఎంత పదునో నోటికీ అంతే. మామయ్య నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరికీ కలిపి ఒక నోరు సరిపోయింది.

ఆ రోజుల్లోనే ఒక సినిమా కంపెనీ వాళ్ళు ఆ గోడౌను చూసి ముచ్చటపడ్డారు. సినిమా పేరు 'పది లెక్కపెట్టేలోగా'. బూట్లు తుడిచే పేదవాడు బాక్సర్ అయి, చివరికి పెద్ద ఛాంపియన్ని పడగొట్టే కథ. హీరో ఎక్కడినుంచో తెచ్చిన అందగాడు. ఛాంపియన్ మాత్రం మా మామయ్య.

దర్శకుడు ఆయనకు చెప్పింది ఇంతే: "అతను చెయ్యి విసురుతాడు. నీకు తగలదు. నువ్వు పడాలి. పడ్డాక కదలకూడదు." మామయ్య తలూపాడు. ఆ దర్శకుడే హీరోని పక్కకి పిలిచి ఇంకో మాట చెప్పాడు: "నిజంగానే కొట్టు. వాడికి చెప్పకు. ముఖంలో నిజం కనిపించాలి." ఈ రెండో మాట మేకప్ వేసే ఆయన తర్వాత మామయ్య చెవిలో వేశాడు. కుడి చెవిలో. ఎడమ చెవి అప్పటికే ఆ దెబ్బకు పోయింది.

నిజం బాగానే కనిపించింది. దవడ మీద తగిలిన ఆ దెబ్బకు మామయ్య కళ్ళు వెనక్కి తిరిగిపోయాయి. తీగ తెగి జారిపోయిన ఉతికిన బట్టల్లా ఆయన కిందికి వచ్చేశాడు. ఆ తర్వాత ఆయనకు గుర్తున్నది ఇది. చీకటి. చీకట్లో ఎవరో అంకెలు చెబుతున్నారు. అంకెలు వినిపిస్తే లేవడం తప్ప ఇంకొకటి నేర్చుకోని ఒళ్ళు, సినిమా సంగతి మరిచిపోయి, మోకాలు ఆనించింది. లేచింది. నిలబడింది. అప్పుడు దూరంగా, నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు ఒక అరుపు: "పడుకో! ఎవడు లేవమన్నాడురా నిన్ను? పడుకో!"

ఆయన పడుకున్నాడు.

లేచిన ముక్కను కత్తిరించేశారు. సినిమాలో ఆయన పడతాడు, రిఫరీ పది లెక్కపెడతాడు, హీరో చెయ్యి పైకి లేస్తుంది. అంతే. అత్తయ్యతో పెళ్ళయిన కొత్తల్లో ఇద్దరూ వెళ్ళి చూశారు.

"లేచానన్నారుగా?" అందట అత్తయ్య, హాలులోంచి బయటికి వస్తూ.

"లేచాను."

"మరేదీ?"

"తీసేశారు."

"బాగుంది. మాటలు తీసేస్తారని విన్నాను, పాటలు తీసేస్తారని విన్నాను. మనిషి లేవడం కూడా తీసేస్తారా?"

హాస్యానికే అంది పాపం. కానీ గోడౌనులో వాళ్ళకి అది హాస్యం కాలేదు. షూటింగు రోజు వాళ్ళెవరినీ లోపలికి రానివ్వలేదు. ఆయన లేవడం ఎన్ని సాయంత్రాలు కళ్ళారా చూశారో ఆ మనుషులే తెరను నమ్మారు. 'బంతి' పోయి 'పడ్డోడు' వచ్చింది. "పడ్డోడా, ఆ గడ్డ ఇటు తొయ్యి." "పడ్డోడు భోజనానికి వెళ్ళాడా?" చెవి పోవడంతో నిలకడ పోయి, మామయ్య మళ్ళీ బరిలోకి దిగలేదు. ఉప్పునీటి తొట్లలోంచి ఐసు దిమ్మల్ని కొక్కెంతో లాగి, తడి చెక్కల మీద జార్చే పని మాత్రం వయసు మళ్ళేదాకా చేశాడు. మంచు పొగలో వంగి నడిచే ఆ మనిషిని చూస్తే, మబ్బుల్ని తోసుకుంటూ బతుకుతున్నాడనిపించేది నాకు.

ఇంతవరకు ఏ పేదవాడికైనా జరిగే అన్యాయమే. నా కడుపు మండేది దీనికి కాదు.

పనిమానేసి ఇంట్లో కూర్చున్నాక మామయ్యకు ఒక అనుమానం పట్టుకుంది. నేను చూడటానికి వెళ్తే పక్కన కూర్చోబెట్టుకుని, కుడి చెవి నా వైపు తిప్పి అడిగేవాడు: "అమ్మాయ్, నేను లేచానంటావా? లేక దెబ్బకి మతి చెదిరి, లేచాననుకున్నానా?"

"లేచావు మామయ్యా."

"నువ్వప్పటికి పుట్టలేదు కదే."

ఆ దర్శకుడు పోయాడు. హీరో పోయాడు. మేకప్ ఆయన పోయాడు. లోకమంతా ఒక వైపు, తెరమీద పడి ఉన్న తన ఒళ్ళూ ఆ వైపే. ఇటువైపు ఆయన జ్ఞాపకం ఒక్కటే. అది కూడా దెబ్బ తిన్న తలలోది. ఒక మనిషి తన ఒంటితో చేసిన పనిని, ఆ మనిషే నమ్మలేకుండా చేశారు. దొంగతనాల్లో ఇంతకంటే పెద్దది ఉంటే నాకు చూపించండి.

అలాంటి రోజుల్లో వచ్చారు సేకరించేవాళ్ళు.

పాత సినిమాల రీళ్ళు పోగుచేసే మనుషులు ఉంటారని అప్పటిదాకా మాకు తెలియదు. ఎవరూ చూడని సినిమా, ఎక్కడా దొరకని సినిమా అంటే వాళ్ళకి ప్రాణం. మూతపడ్డ ఒక సినిమా హాలు అటకమీద 'పది లెక్కపెట్టేలోగా' కాపీ ఒకటి దొరికిందట. విడుదలైనప్పుడు వారం తిరక్కుండా ఎత్తేసిన ఆ సినిమా ఇప్పుడు వాళ్ళకి దేవుడిచ్చిన వరమైపోయింది. అబద్ధమెందుకు, కొన్నిచోట్ల అది అందమైన సినిమానే. గోడౌను కప్పుకి వేలాడే ఒకే ఒక్క దీపం ఊగుతుంటే తాళ్ళ నీడలు మనుషుల వీపుల మీద కదులుతాయి. రంపపు పొట్టు గాలిలోకి లేచి నెమ్మదిగా వాలుతుంది, నలుపు తెలుపుల్లో కురిసే బంగారం లాగ. కానీ వాళ్ళని ఊపేసింది అవేవీ కావు. ఆ పడటం. "అది నటన కాదు, నిజం!" అని ఒకరితో ఒకరు చెప్పుకుని పులకరించిపోతారు. నిజమే. నిజమైన చెవి పోయింది మరి.

వాళ్ళలో పెద్దాయనకి కర్టెన్ల షాపు ఉంది. ఇంటినిండా రీళ్ళ డబ్బాలే. అత్తయ్య ఆయనకి 'డబ్బాల దొర' అని పేరు పెట్టింది. మామయ్య బతికే ఉన్నాడని ఎలా తెలుసుకున్నాడో, ఒకరోజు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఛాంపియన్ గారు ఉన్నారా?"

"ఛాంపియన్లెవరూ లేరు. మా ఆయనున్నాడు, సరిపోతాడా?" అంది అత్తయ్య.

లోపలికి వచ్చి మామయ్యని అటూ ఇటూ తిరిగి చూశాడు, పాత గడియారం కొనేవాడు చూసినట్టు. "మీరు పడటం మేం ఎన్నిసార్లు చూశామో మీకు తెలీదు పెద్దాయనా! అలా పడ్డవాడు ఇంకొకడు లేడు!"

"అలాగా బాబూ" అన్నాడు మామయ్య. ఇంకేమనాలో ఎవరికి తెలుసు?

"ఒక్కసారి ఇలా నేలమీద పడుకుంటారా? అప్పట్లాగే చెయ్యి ఇలా చాపి. ఫొటో తీసుకుంటాను."

మామయ్య వంగబోయాడు కూడా. అడిగితే కాదనడం చేతకాని మనిషి. అత్తయ్య భుజం పట్టుకుని ఆపింది.

"ఆయన పడుకునేది మంచం మీద. అదీ భోజనం చేశాక. మీకంత సరదాగా ఉంటే మీరు పడుకోండి, ఫొటో నేను తీస్తాను."

డబ్బాల దొర పగలబడి నవ్వాడు. తిట్టు తగిలితే కదా నొప్పి. ఆదివారం మధ్యాహ్నం సినిమా వేస్తున్నామని, తప్పకుండా రావాలని చెప్పి వెళ్ళాడు.

వెళ్ళాం. కర్టెన్ల షాపు పైన చిన్న హాలు. చొక్కాలకు బాక్సింగ్ గ్లవ్స్ బొమ్మల బిళ్ళలు పెట్టుకున్న పెద్దమనుషులు, కళ్ళద్దాల షాపాయన, బ్యాంకులో చేసి మానేసిన ఇద్దరు ముగ్గురు, వాళ్ళ భార్యలు. మామయ్యకు చప్పట్లు కొట్టి ముందు వరసలో కూర్చోబెట్టారు. సినిమా మొదలైంది. ఆఖరి పందెం వచ్చేసరికి హాలంతా ముందుకు వంగింది. దెబ్బ తగిలింది. మామయ్య తెరమీద పడ్డాడు.

అప్పుడు హాలంతా ఒకే గొంతుతో మొదలుపెట్టింది. "ఒకటి! రెండు! మూడు!" అది వాళ్ళ ఆనవాయితీ అట. రిఫరీతో పాటు లెక్కపెట్టాలి. కాళ్ళతో నేల దరువు వేస్తూ, పిల్లల్లా వెలిగిపోతున్న ముఖాలతో లెక్కపెట్టారు. ఆ పడి ఉన్న మనిషి వాళ్ళ ముందే కూర్చుని ఉన్నాడని ఎవరికీ గుర్తున్నట్టు లేదు. "పది!" అని అరిచి ఒకరినొకరు కావలించుకున్నారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. మామయ్య చెయ్యి నా చెయ్యి మీద పడింది. ఎప్పటి చల్లదనం కాదది. ఒళ్ళంతటి వెచ్చదనమూ ఎక్కడికో పారిపోయిన చల్లదనం.

దీపాలు వెలిగాక ఆయన మర్యాదగా అడిగాడు: "బాబూ, ఆ తర్వాత నేను లేచినట్టు గుర్తు. ఆ ముక్క ఎక్కడైనా ఉంటుందా?"

డబ్బాల దొర ముఖం విప్పారింది. ఆయన ఎదురుచూస్తున్న ప్రశ్న ఇదే అన్నట్టు హాలంతా ఒకసారి చూశాడు.

"ఉంటే నా దగ్గరే ఉండాలి. ఎడిటింగ్‌లో కత్తిరించిన ముక్కలు, ఆఖరి పందెంవి, అన్నీ ఒక డబ్బాలో దొరికాయి. ఎడిటర్ వాళ్ళింట్లో."

మామయ్య కుర్చీ పట్టుకున్నాడు. "చూశారా?"

"తెరవలేదు."

"ఎందుకని?"

"తెరవకూడదు పెద్దాయనా." ఆ గొంతులో ఎంత గర్వమో! "మూత కూడా తియ్యని డబ్బా, అలాంటిది ఇంకెవరి దగ్గరుంది? తెరిస్తే అదొక ముక్క. తెరవనంతకాలం అదొక రహస్యం."

"అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు" అని అత్తయ్య పైకే అంది.

ఆ తర్వాత మామయ్య ఆగలేకపోయాడు. నన్ను తోడు తీసుకుని డబ్బాల దొర ఇంటికి వెళ్ళాడు. కిటికీలన్నిటికీ మందపాటి కర్టెన్లు, గోడంతా అరలు, అరలనిండా రేకు డబ్బాలు. మనిషి కూర్చోవడానికి ఒక్క కుర్చీ ఉంది, అది ఆయనది. మేం నిలబడ్డాం. ఒక డబ్బా దించి తెచ్చాడు. చుట్టూ టేపు, టేపు మీద టేపు, గాలి చొరకుండా వరసలు వరసలు. పసిపిల్లకి కూడా అంత జాగ్రత్తగా దుప్పటి కప్పరు.

"ముట్టుకోండి, ఫరవాలేదు" అన్నాడు, పెద్ద వరం ఇస్తున్నట్టు.

మామయ్య అరచెయ్యి ఆ మూతమీద ఆనించాడు. నా జ్వరం చూసినట్టే చూశాడు. ఆయన చెయ్యి తియ్యగానే డబ్బాల దొర జేబులోంచి గుడ్డ తీసి ఆ చోటు తుడిచాడు. నేను చూశాను. మామయ్య కూడా చూశాడు.

"నేను లేచానో లేదో తెలుసుకోవాలి బాబూ. అంతే. ఒక్కసారి చూసి ఇచ్చేస్తాను."

"మీరు లేచినా లేవకపోయినా ఆ సినిమాకి వచ్చే తేడా ఏమీ లేదండీ. నిజం చెప్పాలంటే, లేవకపోతేనే అందం."

ఎవరికి అందం? ఎవరి చెవి, ఎవరి దవడ, ఎవరి మోకాలు, ఎవరికి అందం? దారిపొడుగునా నేను పళ్ళు కొరుక్కుంటూనే నడిచాను. ఇంటికొచ్చాక అత్తయ్యకి జరిగింది చెప్పింది నేనే. ఆవిడ వింటూ వింటూ చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టింది.

"సరే. వాళ్ళకి మనిషి కావాలి, మనకి డబ్బా కావాలి. బేరం కుదిరినట్టే."

నిజంగానే కుదిరింది. ఊరూరినుంచి సేకరించేవాళ్ళు వచ్చే పెద్ద సమావేశం ఒకటి పెట్టుకున్నారు. ఛాంపియన్ స్వయంగా వస్తాడని ముందే అందరికీ చెప్పేసుకున్నారు, మమ్మల్ని అడక్కుండానే. పిలవడానికి డబ్బాల దొర వచ్చినప్పుడు అత్తయ్య గుమ్మంలోనే నిలబెట్టింది.

"అందరి ముందూ డబ్బా తెరిస్తే వస్తాడు. లేకపోతే మీ షాపులో గుడ్డకేం కొదవ, ఒక ఛాంపియన్ని కుట్టించి కూర్చోబెట్టుకోండి."

"అమ్మా, మీకు దాని విలువ..."

"దాని విలువ నాకెందుకు తెలీదు? నేను కాపురం చేస్తున్నది దాంతోనే."

అయినా ఒప్పుకునేవాడు కాదేమో. కానీ కళ్ళద్దాల షాపాయనకి ఈయనంటే పడదు. ఆ డబ్బాలో ఏమీ లేదని, ఖాళీ డబ్బాకి టేపు చుట్టి ఇన్నాళ్ళూ ఊరిస్తున్నాడని పుకారు లేపాడు. ఒక మనిషి ఆవేదన చెయ్యలేని పనిని ఇంకో మనిషి ఈర్ష్య చేసింది. డబ్బాల దొర మీసం మెలేసి, తెరుస్తానన్నాడు.

సమావేశం పెట్టుకున్న ఆదివారం హాలు కిటకిటలాడింది. మామయ్య ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, మెడ దగ్గర గుండీ కూడా పెట్టుకుని వచ్చాడు. తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీద డబ్బా పెట్టారు. డబ్బాల దొర చేతులకు గ్లవ్స్ తొడుక్కుని టేపు ఒక్కో వరసా విప్పుతుంటే హాలు ఊపిరి బిగబట్టింది. మూత రాలేదు. స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తాడు.

ముందు వాసన వచ్చింది. ఘాటుగా, పుల్లగా, వెనిగర్ సీసా బద్దలైనట్టు. ముందు వరసలోవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. డబ్బాలో ఫిల్ము లేదు. ఫిల్ము అయి ఉండాల్సిన నల్లటి ముద్ద ఉంది. చుట్టలు చుట్టలుగా అతుక్కుపోయి, ముడతలు పడి, ఎండిన తోలులా.

"అంతేగా మరి" అన్నాడు కళ్ళద్దాల షాపాయన, తృప్తి దాచుకోకుండా. "పాత ఫిల్ముకి గాలాడాలి. దానిలోంచి వచ్చే పులుపు బయటికి పోవాలి. ఇలా బిగించి ఉంచితే దాన్ని అదే తినేస్తుంది."

భద్రం కోసం చుట్టిన ప్రతి టేపు వరసా దాని పీక నొక్కిందన్నమాట. లోపల మా మామయ్య ఉన్నాడు, లేస్తూనో లేచో. ఒకసారి పడుకోమని అరిచి, కత్తిరించి, పారేశారు. రెండోసారి ప్రేమతో, గౌరవంతో, టేపు చుట్టి చంపారు. మొదటివాళ్ళే నయం. వాళ్ళకి ప్రేమ ఉందని చెప్పుకోలేదు.

డబ్బాల దొర కళ్ళనీళ్ళు పెట్టుకుని మామయ్య వైపు తిరిగాడు. "మీరు పట్టుబట్టకపోతే ఇది ఇలాగే ఉండేది కదండీ!"

"ఇలాగే అంటే?" అంది అత్తయ్య. "కుళ్ళినట్టేనా?"

అప్పుడెవరో పైచుట్టు కొస కదులుతోందని కనిపెట్టారు. నెమ్మదిగా లాగితే జానెడు ముక్క ఊడివచ్చింది. దీపానికి అడ్డం పెట్టారు. అంచులు తినేసినా మధ్యలో బొమ్మలు మిగిలాయి. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి, ఆ హాలులో ఉన్న ప్రతి పెద్దమనిషీ చూశాడు. అందరూ చూశాక, ఆఖరున, మామయ్యకి ఇచ్చారు. నేను ఆయన భుజం మీదుగా చూశాను.

ఒక మనిషి ఒక మోకాలు నేలకానించి ఉన్నాడు. ఒక గ్లవ్ నేలమీద. తల వంచుకుని ఉన్నాడు. పైన రిఫరీ ప్యాంటు కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. తక్కిన బొమ్మలన్నీ అవే.

"పడుతున్నాడు" అన్నారెవరో వెనకనుంచి.

"కాదు, లేస్తున్నాడు."

"పడుతున్నప్పుడూ మోకాలు ఆనుతుంది కదా. ఒక్క ముక్కలో ఎలా చెప్తాం?"

మామయ్య ఆ ముక్కని చాలాసేపు చూశాడు. దీపం వెలుతురు ఫిల్ములోంచి వచ్చి ఆయన చెంపమీద వణికింది. ఆయన ముఖంలో ఏదో సర్దుకుంది. ఎప్పటినుంచో వంకరగా వేలాడుతున్న పటాన్ని ఎవరో సరిచేసినట్టు.

"లేస్తున్నాను" అన్నాడు.

"ఎలా చెప్పగలరండీ?" అన్నాడు కళ్ళద్దాల షాపాయన.

"ఆ మోకాలు నాది బాబూ."

కొందరు నవ్వారు. "అది సాక్ష్యం కాదు పెద్దాయనా" అన్నాడు డబ్బాల దొర, ముక్కని ఆయన వేళ్ళమధ్యనుంచి మెల్లగా లాక్కుంటూ.

కుళ్ళిన ఫిల్ము సాక్ష్యం. మూత వెయ్యని నోటితో, బతికున్న కళ్ళతో, ఎదురుగా నిలబడ్డ మనిషి సాక్ష్యం కాదు! ముక్కని నమ్ముతారు, అందులో ఉన్న మనిషిని నమ్మరు. అంతటితో అయిపోలేదు. వాదించుకుంటూ వాదించుకుంటూ వాళ్ళ ముఖాలు మళ్ళీ వెలగడం మొదలైంది. లేస్తున్నాడో పడుతున్నాడో తేలకపోవడం ఎంత గొప్ప విషయం! ఇది ఇంకా అపురూపం! ఎప్పటికీ తేలదు! డబ్బాల దొర కళ్ళు తుడుచుకున్నాడు. ఆ జానెడు ముక్కని గాజు పలకల మధ్య పెట్టిస్తానన్నాడు. చప్పట్లు కొట్టారు. చేపల బజారులో కుళ్ళినదాన్ని చూపించి ఇది ఇంకా ప్రశస్తమని చెబితే ఏం జరుగుతుందో అత్తయ్యకి తెలుసు. ఆవిడ నోరు తెరవబోయి, ఇంతమందికి నా నోరు చాలదన్నట్టు మూసుకుంది.

దీపాలు ఆరాయి. సినిమా మొదలైంది. ఊగే దీపం, తాళ్ళ నీడలు, బంగారంలా రాలే పొట్టు. ఆఖరి పందెం. దెబ్బ. మామయ్య తెరమీద పడ్డాడు.

"ఒకటి!" అంది హాలు. "రెండు!"

"లేవండి" అంది అత్తయ్య చీకట్లో. "ఇంటికి పోదాం."

మామయ్య లేచాడు. ముందు వరస, తెరకు దగ్గర. ఆయన నీడ తెరమీద పడింది. పడి ఉన్న మనిషి మీద నిలబడ్డ మనిషి నీడ, తలనుంచి కాళ్ళదాకా, రిఫరీ కంటే పొడుగ్గా. బయటికి పోవడానికి పక్కకి తిరగాల్సినవాడు తిరగలేదు. తన నీడని చూశాడు. అక్కడే నిలబడిపోయాడు.

"అయిదు! ఆ... ఏంటది? కూర్చో!"

"కూర్చోవయ్యా! కనబడట్లేదు!"

"ఎవరది? కూర్చోబెట్టండి ఎవరైనా!"

ఆయన ఎడమ చెవికి ఏమీ వినపడదు. కుడి చెవికి అన్నీ వినపడతాయి. ఒకసారి పడుకోమన్నారు, పడుకున్నాడు. ఈసారి కూర్చోమన్నారు. ఆయన కూర్చోలేదు. అత్తయ్య లేచి పక్కన నిలబడింది. నేనూ లేచాను. కూర్చో, కూర్చో అని గొంతులు చించుకునే గోలలో లెక్క తప్పిపోయింది. ఏడు ఎవరో అన్నారు. ఎనిమిది ఎవరూ అనలేదు. హీరో చెయ్యి పైకి లేచేసరికి అది మామయ్య నీడ భుజందాకానే వచ్చింది. అప్పుడు ఆయన చొక్కా సర్దుకుని, వరస చివరిదాకా తొందర లేకుండా నడిచి, తలుపు తీసుకుని వెలుతురులోకి వచ్చేశాడు.

దారిలో టీ తాగాం. ఎండ బాగా కాస్తోంది. లేచానా లేదా అని ఆయన నన్ను ఆ రోజు అడగలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు.

నాకు మాత్రం కోపం తీరలేదు. తీరనివ్వలేదు వాళ్ళు. కొద్దిరోజులకే డబ్బాల దొర మళ్ళీ వచ్చాడు, చేతిలో పండ్ల సంచి, ముఖంనిండా నవ్వు. నేను లోపలి గదిలో ఉన్నాను. గుమ్మంలో మామయ్య గొంతు, ఆయన గొంతు వినిపిస్తున్నాయి.

"ఆ రోజు మీరు లేచారు చూడండీ, అబ్బ! అందరూ అదే చెప్పుకుంటున్నారు. ముందు కేకలేశాం, నిజమే. తర్వాత తెలిసింది దాని అందం. వచ్చే నెల మళ్ళీ వేస్తున్నాం. సరిగ్గా అదే చోట, అలాగే లేచి నిలబడితే చాలు. ఎవరూ కూర్చోమనరు. నాదీ పూచీ."

"నేను లేచింది మీకు చూపించడానికి కాదు బాబూ."

"మరి?"

"ఇంటికి పోదామని."

తలుపు వేసిన చప్పుడు. పండ్ల సంచి బయటే ఉండిపోయినట్టుంది. వంటగదిలోంచి అత్తయ్య కేకేసింది.

"ఎవరండీ అది?"

"ఎవరో" అన్నాడు మామయ్య. "కర్టెన్లు అమ్ముకునే ఆయన."